వెలుగును వదిలించుకునే కెమెరా: సూర్యుడి పరిసరాలను చూసే పరికరాన్ని ఎలా రూపొందిస్తారు

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి శ్రీహరికోట తిరుపతి జిల్లాలో చేరిన తరువాత, సూర్యుడి చుట్టూ ఆవరించి ఉండే పలుచని వేడి వాయువుల పొర అయిన కరోనాను పరిశీలించడానికి తయారైన రెండు పరికరాలు ఈ జిల్లా నేల మీది నుంచే అంతరిక్షంలోకి వెళ్లాయి. 2023 సెప్టెంబరు 2న పీఎస్‌ఎల్‌వీ-సీ57 మోసుకెళ్లిన ఇస్రో సౌర పరిశోధన ఉపగ్రహం ఆదిత్య-ఎల్1లో వీఈఎల్‌సీ అనే కరోనాగ్రాఫ్, అంటే సూర్యబింబాన్ని మరుగుపరచి కరోనాను చూపే పరికరం, ఉంది. 2024 డిసెంబరు 5న పీఎస్‌ఎల్‌వీ-సీ59 ఐరోపా అంతరిక్ష సంస్థకు చెందిన ప్రోబా-3 జంట ఉపగ్రహాలను కక్ష్యలోకి చేర్చింది. ఈ రెండూ చూడదలచిన ప్రాంతం దాదాపు ఒకటే: సూర్యబింబం అంచుకు చాలా దగ్గరగా మొదలై, సూర్యకేంద్రం నుంచి సుమారు మూడు సౌర వ్యాసార్ధాల దూరం వరకు. అయినా మొదటిది ఒకే చట్రంలో ఇమిడిపోయిన 190 కిలోల పరికరం కాగా, రెండోది సుమారు 150 మీటర్ల ఎడంతో వరుస తప్పకుండా ప్రయాణించే రెండు వేర్వేరు ఉపగ్రహాలు. ప్రయోగం జరిగిన రోజుల్లో రాకెట్ దశల గురించి, కౌంట్‌డౌన్ గురించి మన పత్రికలు విస్తారంగా రాశాయి గాని, ఒకే పనికి ఇంత భిన్నమైన రెండు నిర్మాణాలు ఎందుకు అవసరమయ్యాయో వివరించిన రాతలు చాలా తక్కువ. నా దృష్టిలో అసలు ఆసక్తికరమైన ప్రశ్న అదే.

మామూలు కెమెరాను గాని, టెలిస్కోపును గాని రూపొందించేవారు వీలైనంత ఎక్కువ కాంతిని పోగుచేయాలని చూస్తారు. కరోనాను చూసే పరికరంలో సమస్య తలకిందులవుతుంది. సూర్యబింబం ప్రకాశంతో పోలిస్తే, అంచును ఆనుకుని ఉన్న కరోనా ప్రకాశం పది లక్షల్లో ఒక వంతు. మూడు వ్యాసార్ధాల దూరానికి వెళ్లేసరికి అది పది కోట్లలో ఒక వంతు స్థాయికి పడిపోతుంది. మొత్తం కరోనా వెలుగునంతా కలిపినా పున్నమి చంద్రుడి వెలుగును మించదు. కాబట్టి పరికరంలోకి వచ్చిన సూర్యకాంతిలో ఏ పది లక్షల వంతో ఎక్కడైనా చెదిరి డిటెక్టర్ మీద పడితే చాలు, చూడవలసిన వస్తువు దాని కింద పూర్తిగా మునిగిపోతుంది. ఇలాంటి పరికరంలోని దాదాపు ప్రతి భాగమూ ఏదో ఒక రూపంలో కాంతిని బయటికి పంపడానికో, మింగివేయడానికో ఉద్దేశించిందే.

నేల మీద ఈ పని ఎందుకు కష్టమో తెలుసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. వేసవి మధ్యాహ్నం తిరుపతిలో గోవిందరాజస్వామి ఆలయ గోపురం నీడలో, సూర్యబింబం గోపురం అంచు వెనుక పూర్తిగా దాగేటట్టు నిలబడితే, ఆ అంచు చుట్టూ ఆకాశం కళ్లు చెదిరే తెల్లదనంతో కనిపిస్తుంది. ఆ తెల్లదనానికీ కరోనాకూ సంబంధం లేదు. గాలిలోని అణువులూ, దుమ్మూ, తేమా చెదరగొట్టిన సూర్యకాంతి అది. సంపూర్ణ సూర్యగ్రహణంలో చంద్రుడు వాతావరణానికి వెలుపలే సూర్యుడిని అడ్డగిస్తాడు కాబట్టి మన నెత్తిన ఉన్న గాలి మీద కూడా నీడ పడుతుంది, కరోనా కంటికి కనిపిస్తుంది. గోపురానికీ చంద్రుడికీ ఉన్న ఈ తేడాను, అంటే అడ్డు ఎంత దూరంలో ఉందన్న విషయాన్ని, గుర్తుంచుకోవాలి; ప్రోబా-3 నిర్మాణ రహస్యమంతా అందులోనే ఉంది.

గ్రహణం రోజున తిరుమల ఆలయం తలుపులు మూసివేయడమూ, శ్రీకాళహస్తి ఆలయం మాత్రం తెరిచే ఉంచడమూ ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన ఆచారాలు. ఖగోళ శాస్త్రజ్ఞులకు మాత్రం చాలాకాలం గ్రహణ సమయమే పని సమయం. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో పరిశీలించి, గ్రహణం లేకుండా కూడా వాటిని చూడవచ్చునని అక్కడే గ్రహించాడు. అయితే ఆ జ్వాలల కంటే ఎంతో మసకగా ఉండే కరోనాకు ఆ ఉపాయం చాలలేదు. సంపూర్ణ దశ కొన్ని నిమిషాలకు మించదు, అదీ ఏ దేశంలో ఎప్పుడు పడుతుందో మన చేతిలో లేదు.

1930 ప్రాంతంలో బెర్నార్డ్ లియో అనే మరో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పిరనీ పర్వతాల్లోని పిక్ దు మిదీ శిఖరం మీద, గాలి పలుచగా, శుభ్రంగా ఉండే చోట, గ్రహణం లేకుండానే కరోనాను చూపే పరికరాన్ని నిర్మించాడు. సూర్యబింబపు ప్రతిబింబం ఏర్పడే చోట ఒక అడ్డుబిళ్లను పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చేదే. అంతటితో చాలదని లియో గుర్తించాడు. బిళ్లకు ముందున్న కటకంలో ఒక్క గాలిబుడగ ఉన్నా, ఒక్క గీత ఉన్నా, అది సూర్యకాంతిని నలుదిక్కులా చిమ్ముతుంది. కాబట్టి ముందు కటకం ఒకే గాజుముక్కతో, మచ్చ లేకుండా, అత్యంత నునుపుగా ఉండాలి. ఆ తరువాత, కాంతి ఏ అంచును తాకినా కొంత వంగుతుంది; దీన్నే వివర్తనం అంటాం. పరికరపు ద్వారం అంచు దగ్గర వంగిన సూర్యకాంతి అడ్డుబిళ్లను తప్పించుకుని లోపలికి వస్తుంది. దీనికి లియో కనుగొన్న ఉపాయం చాలా తెలివైనది: బిళ్ల వెనుక మరో కటకాన్ని పెట్టి ద్వారపు అంచు ప్రతిబింబాన్నే ఏర్పరిస్తే, వంగిన కాంతి అంతా ఆ ప్రతిబింబంలో ఒక సన్నని వెలుగు వలయంగా పోగుపడుతుంది, ఆ వలయాన్ని కొంచెం చిన్న రంధ్రమున్న పలకతో కప్పేస్తే కరోనా కాంతి నడుమ నుంచి సాగిపోతుంది. నేటికీ ఆ పలకను ఆయన పేరుతోనే పిలుస్తారు.

వీఈఎల్‌సీ ఈ వంశానికి చెందినదే. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ దీన్ని హోస్కోటెలోని తన ప్రాంగణంలో నిర్మించింది. ఇందులో కటకానికి బదులు పుటాకార దర్పణం ఉంటుంది, ఎందుకంటే గాజు లోపలి గుండా కాంతి ప్రయాణించనక్కర లేకపోతే గాజు లోపలి లోపాల బెడద తప్పుతుంది, వేర్వేరు రంగుల కాంతి వేర్వేరు చోట్ల కేంద్రీకృతం కావడం కూడా ఉండదు. దీని ద్వారం వ్యాసం సుమారు 15 సెంటీమీటర్లు. అంత ద్వారం నుంచి లోపలికి వచ్చే సూర్యశక్తి పాతిక వాట్లకు దగ్గరగా ఉంటుందని లెక్క వేయవచ్చు. ఈ శక్తిని లోపలే ఒక బిళ్ల మీద ఆపితే అది వేడెక్కి, చుట్టూ ఉన్న భాగాలను వ్యాకోచింపజేసి, దర్పణాల అమరికను చెడగొడుతుంది. అందుకని ఇక్కడ అడ్డుబిళ్ల స్థానంలో రంధ్రాన్ని వాడారు. ప్రతిబింబం ఏర్పడే చోట ఉన్న రెండో దర్పణం నడుమ రంధ్రం ఉంటుంది. సూర్యబింబపు కాంతి ఆ రంధ్రం గుండా అవతలికి పోతే, అక్కడున్న మూడో దర్పణం దాన్ని పరికరం వెలుపలికి, అంతరిక్షంలోకి తిప్పి పంపేస్తుంది. రంధ్రం చుట్టూ పడిన కరోనా కాంతి మాత్రమే లోపలి దారి పడుతుంది.

ఆ రంధ్రం పరిమాణాన్ని నిర్ణయించడం ఎంత సున్నితమైన పనో చూడండి. వీఈఎల్‌సీ 1.05 వ్యాసార్ధాల నుంచి చూస్తుంది, అంటే సూర్యుడి అంచుకు కేవలం 35,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి. ఆకాశంలో ఆ సందు ఒక డిగ్రీలో 75వ వంతు మాత్రమే. ఉపగ్రహం గురి అంతకు మించి జరిగితే, కరోనా కంటే లక్షల రెట్లు ప్రకాశించే బింబపు అంచు రంధ్రం దాటి పొంగుతుంది. పైగా భూకక్ష్య కచ్చితమైన వృత్తం కాదు గనుక, జనవరి మొదట్లో సూర్యబింబం జూలైలో కంటే సుమారు 3 శాతం పెద్దగా కనిపిస్తుంది. రంధ్రం మాత్రం ఏడాది పొడవునా ఒకటే. ఈ నిర్మాణంలో మరో చిక్కు ఉంది: మొదటి దర్పణం మీద సంపూర్ణ సూర్యకాంతి పడుతూనే ఉంటుంది. దాని ఉపరితలపు గరుకుదనం కొన్ని పరమాణువుల ఎత్తుకు మించకూడదు. ఒక్క ధూళి కణం వాలినా అది చిన్న దీపంలా వెలిగి డిటెక్టర్ మీదికి కాంతిని చిమ్ముతుంది. ఆకాశంలోకి వెళ్లాక తుడిచేవారు ఎవరూ ఉండరు కాబట్టి, అత్యంత శుభ్రమైన గదుల్లో గడిచిన నెలలే ఈ పరికరం మనుగడను నిర్ణయిస్తాయి. 'లోపలి అడ్డు' పద్ధతిలో సూర్యుడికి దగ్గరగా, స్పష్టంగా చూడగలగడం లాభమైతే, మొదటి దర్పణం శుభ్రత మీద సర్వస్వమూ ఆధారపడటం దానికి చెల్లించే మూల్యం.

మొదటి దర్పణం మీద అసలు సూర్యకాంతే పడకుండా చేస్తే? ద్వారానికి ముందు, వెలుపలే ఒక బిళ్లను నిలిపి, దాని నీడలో టెలిస్కోపును ఉంచడం రెండో పద్ధతి. 1995 డిసెంబరులో వెళ్లిన సోహో ఉపగ్రహంలోని లాస్కో కరోనాగ్రాఫ్‌లలో రెండు ఈ రకానివే. ఇవి దశాబ్దాల పాటు సౌర విస్ఫోటాలను, అంటే సూర్యుడు వేడి వాయువు మేఘాలను వెదజల్లే ఘటనలను, పట్టి చూపాయి, సూర్యుడి వైపు దూసుకుపోయే తోకచుక్కలను 5,000కు పైగా వెలుగులోకి తెచ్చాయి. అయితే వీటిలో సూర్యుడికి దగ్గరగా చూసే సీ2 చూపు కూడా సుమారు రెండు వ్యాసార్ధాల దగ్గరే మొదలవుతుంది. కారణం కేవలం రేఖాగణితం. ద్వారం వెడల్పు 2 సెంటీమీటర్లు, బిళ్ల ఒక మీటరు ముందు ఉందనుకుందాం. ద్వారం మొత్తం మీద నీడ పడాలంటే బిళ్ల సూర్యబింబం కంటే బాగా పెద్దగా కనిపించాలి. అప్పుడు ద్వారంలోని ఒక అంచు నుంచి కరోనా లోపలి భాగం కనిపించినా, రెండో అంచుకు అది బిళ్ల చాటునే ఉంటుంది. లెక్క వేస్తే, ద్వారం పూర్తిగా పనిచేసే చోటు సూర్యకేంద్రం నుంచి ఐదు వ్యాసార్ధాల దూరం దాటుతుంది. అంతకు లోపల ద్వారంలో కొంత ముక్కే పనిచేస్తుంది కనుక వెలుగూ తగ్గుతుంది, స్పష్టతా తగ్గుతుంది. కరోనాలో విస్ఫోటాలు పుట్టి, వేగం పుంజుకునే భాగం సరిగ్గా అక్కడే ఉండటం ఈ పద్ధతికి పెద్ద లోటు.

లోటును సరిచేయాలంటే ద్వారం వెడల్పును బిళ్ల దూరంతో భాగించగా వచ్చే నిష్పత్తిని తగ్గించాలి. ద్వారాన్ని చిన్నది చేస్తే కాంతి చాలదు, కాబట్టి దూరాన్ని పెంచాలి. బిళ్లను టెలిస్కోపు ముందు నిలిపే కడ్డీ రాకెట్ శిరోభాగంలో పట్టాలి గనుక దాని పొడవుకు ఒక హద్దు ఉంటుంది. ప్రోబా-3 రూపకర్తలు ఆ కడ్డీనే తీసివేశారు. 1.4 మీటర్ల వ్యాసమున్న బిళ్లను ఒక ఉపగ్రహానికి అమర్చి, 5 సెంటీమీటర్ల ద్వారమున్న కరోనాగ్రాఫ్‌ను సుమారు 150 మీటర్ల వెనుక మరో ఉపగ్రహంలో ఉంచారు. ఇప్పుడు అదే లెక్క వేస్తే, బింబపు అంచు దాటాక వ్యాసార్ధంలో 7 శాతం దూరానికే ద్వారం పూర్తిగా తెరుచుకుంటుంది. చంద్రుడంత దూరం కాకపోయినా, గోపురం తరహా అడ్డు నుంచి చంద్రుడి తరహా అడ్డు వైపు ఇది పెద్ద అడుగు. దర్పణాల శుభ్రత మీద ఒత్తిడి తగ్గింది. ఆ ఒత్తిడి అంతా ఉపగ్రహాల గమనం మీదికి మారింది. బిళ్ల నీడ కరోనాగ్రాఫ్ ఉన్న చోట సుమారు 8 సెంటీమీటర్ల వెడల్పే ఉంటుంది. ఆ నీడ నడుమ 5 సెంటీమీటర్ల ద్వారం కదలకుండా ఉండాలంటే రెండు ఉపగ్రహాల పరస్పర స్థానం మిల్లీమీటర్ల మేరకు అదుపులో ఉండాలి. భూమికి దగ్గరగా ఉన్నప్పుడు గురుత్వాకర్షణలోని తేడాలు వాటిని లాగివేస్తాయి. అందుకని కక్ష్యను 600 కిలోమీటర్ల నుంచి 60,000 కిలోమీటర్లకు పైగా సాగదీసి, సుమారు 20 గంటల ఒక్కో చుట్టులో దూరపు కొసన ఉన్న ఆరు గంటలపాటే ఈ కృత్రిమ గ్రహణాన్ని సృష్టిస్తారు.

రెండింటిలో ఏది మెరుగని అడిగితే, కరోనా సూక్ష్మ నిర్మాణాన్ని వెలుగు చెదరకుండా చూడటానికి ప్రోబా-3, కాపలా కాయడానికి వీఈఎల్‌సీ అని నేను అంటాను. సౌర విస్ఫోటాలు వేళ చూసుకుని రావు. భూమి నుంచి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఉపగ్రహం భూమితో పాటే సూర్యుడి చుట్టూ తిరగగలిగే ఎల్1 అనే బిందువు చుట్టూ తిరిగే ఆదిత్యకు భూమి చాటు గాని, రాత్రి గాని లేవు. నిమిషానికి ఒకటి చొప్పున రోజుకు 1,440 చిత్రాలు తీసేలా వీఈఎల్‌సీని రూపొందించారు. పైగా చిత్రాలతో పాటు వర్ణపటాన్ని కూడా అది నమోదు చేస్తుంది. 530.3 నానోమీటర్ల దగ్గర కనిపించే ఆకుపచ్చ రేఖ, పదమూడు ఎలక్ట్రాన్లను పోగొట్టుకున్న ఇనుము వెలువరించేది. ఇనుము ఆ స్థితికి చేరాలంటే ఉష్ణోగ్రత పది లక్షల డిగ్రీలు దాటాలి. ఆ రేఖ ఎంత జరిగిందో, ఎంత వెడల్పయిందో కొలిస్తే ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయిన ఆ వేడి వాయువు, వేగమూ, అల్లకల్లోలమూ తెలుస్తాయి.

మూడు వ్యాసార్ధాలు దాటిన తరువాత వీఈఎల్‌సీ గాని, ప్రోబా-3 గాని మనకు ఏమీ చెప్పవు. భూమి సూర్యుడి నుంచి సుమారు 215 వ్యాసార్ధాల దూరంలో ఉంది. నడుమనున్న ఈ విశాల ప్రాంతంలో సాగే సౌర పవనాన్నీ (సూర్యుడి నుంచి నిరంతరం వీచే కణాల ప్రవాహాన్నీ), విస్ఫోట మేఘాలనూ చిత్రించడానికి మూడో రకం పరికరం కావాలి. ఇక్కడ సూర్యుడు కెమెరా చూపులో ఉండనే ఉండడు, పక్కన ఉంటాడు; అయినా చెదిరిన కాంతితో పోటీ మరింత కఠినమవుతుంది. 2006 అక్టోబరులో వెళ్లిన జంట స్టీరియో ఉపగ్రహాల్లోని హీలియోస్ఫెరిక్ ఇమేజర్లు సూర్యుడి నుంచి 4 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి దాదాపు 89 డిగ్రీల వరకు ఆకాశాన్ని చూసేలా రూపొందాయి. వీటిలో బయటి కెమెరా మీద పడే చెదిరిన కాంతి సూర్యబింబ ప్రకాశంలో కోటి కోట్లలో ఒక వంతు స్థాయికి మించకూడదు. దీన్ని సాధించడానికి గుండ్రటి బిళ్ల స్థానంలో ఒకదాని వెనుక ఒకటిగా ఐదు అడ్డుపలకలను అమర్చారు. మొదటి పలక అంచు దగ్గర వంగిన కాంతిలో అతి కొద్ది భాగమే రెండో పలక అంచును చేరుతుంది. అక్కడ వంగినదానిలో కొద్ది భాగం మూడోదాన్ని చేరుతుంది. ప్రతి పలక ఎత్తునూ, ఎడాన్నీ ఆ ముందున్న దాని నీడ లోతును బట్టి లెక్క కట్టాలి.

అంత చేసినా, చూపులో మిగిలే వెలుగులో అధిక భాగం మనకు కావలసినది కాదు. సూర్యుడి చుట్టూ గ్రహాల మధ్య పరుచుకున్న ధూళి కూడా సూర్యకాంతిని చెదరగొడుతుంది. చీకటి చోట్ల సంధ్య తరువాత పడమట కనిపించే రాశిచక్ర కాంతికి మూలం అదే. సూర్యుడికి దగ్గరలో కరోనాలోని ఎలక్ట్రాన్లు చెదరగొట్టిన కాంతిదే పైచేయి. కొన్ని వ్యాసార్ధాలు దాటాక ధూళి కాంతిదే రాజ్యం. ఒక విస్ఫోట మేఘం ఆ నేపథ్యంలో వందో వంతు మార్పును మాత్రమే తెస్తుంది. అదృష్టవశాత్తు ధూళి నెమ్మదిగా మారుతుంది, మేఘం గంటల్లో కదులుతుంది; కనుక చాలా రోజుల చిత్రాల నుంచి స్థిరమైన భాగాన్ని లెక్కించి తీసివేస్తారు. ఈ తీసివేత నిలవాలంటే పరికరం స్పందన నెలల తరబడి ఏమాత్రం మారకూడదు. మారిందో లేదో తెలుసుకోవడానికి చూపులోకి వచ్చిపోయే నక్షత్రాలే కొలమానాలు. 2025 మార్చిలో వెళ్లిన నాలుగు పంచ్ ఉపగ్రహాలు మరో సాధనాన్ని జోడించాయి: ఎలక్ట్రాన్లు చెదరగొట్టిన కాంతి ధ్రువితమై ఉంటుంది, అంటే దాని తరంగాలు ఎక్కువగా ఒకే దిశలో ఊగుతాయి, ఆ ధ్రువణం మోతాదు చెదిరిన కోణాన్ని బట్టి మారుతుంది. మూడు దిశల్లో ధ్రువణాన్ని కొలిస్తే మేఘం మన వైపు వస్తోందా, పక్కకు పోతోందా అన్నది అంచనా వేయవచ్చు.

ఇంత మసక వెలుగును పట్టడానికి ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. తెరిచి ఉంచిన కొద్దీ అంతరిక్షంలో దూసుకుపోయే కాస్మిక్ కిరణాలనే కణాలు డిటెక్టర్‌ను తాకి తెల్లని చుక్కలతో నింపేస్తాయి. అందుకే స్టీరియో లోపలి కెమెరా 40 సెకన్ల చొప్పున 30 చిత్రాలు, బయటి కెమెరా 50 సెకన్ల చొప్పున 99 చిత్రాలు తీసి, ఉపగ్రహంలోనే వాటిని పోల్చి, ఒక్క చిత్రంలో మాత్రమే కనిపించే చుక్కలను తొలగించి, మిగిలినదంతా కూడి ఒకే చిత్రంగా భూమికి పంపుతుంది. అన్నింటినీ పంపడానికి అంత దూరం నుంచి రేడియో సామర్థ్యం చాలదు. 2018 ఆగస్టులో బయలుదేరి, 2024 డిసెంబరు 24న సూర్యుడికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరికి వెళ్లిన పార్కర్ వ్యోమనౌకలోని విస్పర్ కెమెరాకు వ్యోమనౌక ఉష్ణకవచం అంచే మొదటి అడ్డుపలక. అక్కడ ధూళి కణాలు నౌకను ఢీకొని రేపే తునకలు చిత్రాల్లో గీతలుగా పడుతుంటాయి, వాటికి ఏ పలకా అడ్డు రాదు.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గరున్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్లు మన పైనున్న అయనోవరణం (వాతావరణంలో విద్యుదావేశ కణాలున్న పై పొర) కల్లోలాలను గమనిస్తాయి. సౌర విస్ఫోటం భూమిని తాకిన తరువాతి కథ అది. ఆదిత్యలోని వీఈఎల్‌సీ ఆ కథ మొదటి మూడు వ్యాసార్ధాలను చూపుతుంది. అందులోని కణాలను కొలిచే ఆస్పెక్స్, పాపా పరికరాలూ, అయస్కాంత మాపకాలూ మేఘం తమను తాకినప్పుడు మాత్రమే కొలుస్తాయి. మధ్యనున్న రెండు వందలకు పైగా వ్యాసార్ధాల దారి మన పరికరాలకు కనిపించదు. ఇస్రో తదుపరి సౌర పరికరం గురించి ఆలోచించేటప్పుడు మరింత మెరుగైన కరోనాగ్రాఫ్ కంటే అడ్డుపలకల కెమెరాకే మొదటి స్థానం ఇవ్వాలని నా అభిప్రాయం. అయితే దాన్ని పూర్తయిన ఉపగ్రహానికి చివర్లో తగిలించడం సాధ్యపడదు. యాంటెన్నా గాని, సౌరఫలకం గాని, ఉష్ణనిరోధక వస్త్రపు మడత గాని అడ్డుపలకల అంచు కంటే ఒక్క అంగుళం ఎత్తుగా ఎండలోకి పొడుచుకు వచ్చినా, దాని మీద మెరిసిన వెలుగు నేరుగా కెమెరాలోకి దిగుతుంది. కాబట్టి ఉపగ్రహం మొదటి నక్షా గీసే రోజునే కెమెరా రూపకర్తలు ఆ బల్ల దగ్గర కూర్చోవాలి.